మెట్ల మీది బల్బు

"పీకింది నేనే. అయితే ఏంటి?" అన్నాడు బస్సు డ్రైవరు మూడోసారి.

"అందరూ ఎక్కే మెట్లు. మొన్న పైఇంటాయన చీకట్లో కాలు జారాడు," అంది భార్య, కుట్టు మిషను మీంచి తలెత్తకుండానే.

"జారితే లేస్తాడు. బల్బుంటే ఇది అక్కడే పాతుకుపోతుంది."

ఇది అంటే వాళ్ళ పదిహేనేళ్ళ కూతురు. బడి నుంచి రాగానే సంచీతో సహా రెండో అంతస్తు పైమెట్ల మీద చేరితే, మళ్ళీ అన్నం వేళకే ఇంట్లోకి రావడం.

"మెట్లేమన్నా మెట్టినిల్లా, దిగనంటోంది?" అంది నానమ్మ, టీవీ గొంతు తగ్గించకుండా. "మొక్కగా ఉన్నప్పుడే వంచాలి. నీ చెల్లెలింటికి పంపెయ్యరా. వాళ్ళది నేల మీదిల్లు, మెట్లే ఉండవు."

చదువుతో సహా మేనత్త ఊరికి మార్చేయాలని వారం నుంచీ అనుకుంటున్నదే. తల్లి సరేననలేదు, కాదనా లేదు. ఆడపిల్ల చేజారిపోతోందేమోనన్న భయం ఆమెకూ ఉంది. ఇక మిగిలిందల్లా ప్రశ్నలమ్మకు చెప్పడం. ఆ పని తల్లి మీద పడింది.

ప్రశ్నలమ్మ మనస్తత్వ శాస్త్రం చదివిన మనిషి. ఈ పేటలో పిల్లలు ఏం ఉంటే బాగా ఎదుగుతారు, దేనివల్ల చెడిపోతారు అని రెండేళ్ళుగా ఇల్లిల్లూ తిరిగి అడుగుతోంది. మంచినీళ్ళిస్తే తాగి, గ్లాసు తనే కడిగిపెట్టే రకం. ఆ పేరు పిల్లలు పెట్టిందే. పిలిస్తే పలుకుతుంది కూడా. ఆమె లెక్కలో ఈ పిల్ల పేరూ ఉంది, ఊరు మారుతుంటే చెప్పి తీరాలి.

శనివారం సాయంత్రం తల్లి వెళ్ళేసరికి గ్రంథాలయం పక్క గది కిటకిటలాడుతోంది. ఏం రాసినా ముందు పేట పిల్లలకు చదివి వినిపించాలి, వాళ్ళు ఒప్పుకున్నాకే బయటికి పంపాలి. అది ప్రశ్నలమ్మ పెట్టుకున్న నియమం. గోడకు పెద్ద కాగితం అంటించి ఉంది. 'ముప్పు తెచ్చేవి' అన్న వరసలో మొదటిదే తల్లి కంటపడింది: రోజుకు గంటకు మించి వీధిలో, మెట్ల మీద గడపడం.

'చదువుకున్నావిడా అదే అంటోంది,' అనుకుంది.

అప్పుడే పిల్లల మధ్య నుంచి కూతురు లేచింది. "ప్రశ్నలమ్మా, అది తప్పు."

"ఎందుకు తప్పు?"

"మా ఇంట్లో ఉన్నది ఒకటే గది. ఒక పక్క అమ్మ మిషను, ఒక పక్క నానమ్మ టీవీ. నేను చదువుకునేది మెట్ల మీదే. కింది వాటా చిన్నపిల్లకు లెక్కలు చెప్పేదీ అక్కడే. పరీక్ష పోయిందని పైఇంటి అక్క ఏడిస్తే, తను లోపలికి వెళ్ళేదాకా పక్కనే కూర్చున్నాం. ఎంతసేపు కూర్చుంటావని అడిగారు మీరు. కూర్చుని ఏం చేస్తావని అడగలేదు."

ప్రశ్నలమ్మకు సాయం చేసే కుర్రవాడు నసిగాడు. "నాలుగు వందల ఇళ్ళు తిరిగాం మేడమ్..."

"తిరిగాం. నాలుగు వందల ఇళ్ళలోనూ తప్పు ప్రశ్నే అడిగాం," అంది ప్రశ్నలమ్మ. మొహంలో చిన్నబుచ్చుకోవడం లేదు. ఎర్ర పెన్నుతో ఆ వాక్యం అడ్డంగా కొట్టేసి, పెన్ను పిల్ల చేతికిచ్చింది. "తప్పు నాది. సరైన ప్రశ్న నువ్వు రాయి. మళ్ళీ తిరుగుదాం, ఈసారి మీరూ రండి."

తల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎన్ని బట్టలు కుట్టిన చెయ్యి ఆమెది! కుట్టు వంకరపోయిందని తెలిసీ, విప్పడానికి మనసొప్పక ఇస్త్రీతో సర్దేసిన రోజులెన్నో. నలుగురి ముందూ రెండేళ్ళ కుట్టును చరచరా విప్పేసిన మనిషిని చూడడం ఇదే మొదటిసారి. రోజూ గడియారం చూసి 'రెండు గంటలైంది, రాలేదు' అని గొణిగిన తను, ఒక్కసారైనా తలుపు తీసి చూసిందా?

చెప్పాలని వచ్చిన మాట చెప్పకుండానే వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చి, బీరువా మీద కాగితంలో చుట్టి దాచిన బల్బు తీసింది. మిషను ముందున్న ముక్కాలి పీట మెట్ల దగ్గరికి మోసుకెళ్ళి, ఎక్కి బిగించింది. పైఇంటాయన దిగుతూ, "బతికించావు తల్లీ," అన్నాడు.

అన్నాల దగ్గర నలుగురూ కూర్చున్నారు. డ్రైవరు ఫోను అందుకున్నాడు. "చెల్లెలికి చెప్పేస్తా, పిల్ల వచ్చే వారం వస్తుందని."

"చెయ్యండి," అంది భార్య, కూతురి కంచంలో మరో గరిటె వడ్డిస్తూ. గొంతు కొంచెమైనా పెరగలేదు. "ఎవరూ రావడం లేదని చెప్పండి. అది ఇక్కడే చదువుకుంటుంది. అత్తయ్యా, సాయంత్రం రెండు గంటలు నా మిషనూ ఆగుతుంది, మీ టీవీ కూడా. మెట్ల మీద బల్బు మాత్రం వెలుగుతూనే ఉంటుంది."