ఉంగరం చప్పుడు

బొరుగులు నీళ్ళలో ముంచి పిండుతున్న అనసూయ పక్కన, పొయ్యి గట్టు మీద, రామలింగయ్య ఒక పుస్తకం పడేసి పోయాడు.

"ఆదివారం నంద్యాలలో మీటింగు. దీని మీద నేను మాట్లాడల్ల. సదివి ఒక పేజీ రాసిపెట్టు," అన్నాడు నడవలోంచే.

పుస్తకం పేరు 'చిటికెడు తక్కువ'. నవల. రాసింది బాలమ్మ. ఆ బాలమ్మ ఎవరో ఆళ్ళగడ్డ మొత్తానికి ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి చేతిలో ఇప్పుడు తడి బొరుగులున్నాయి.

ఆ రోజు ఉగ్గాని ముద్దయింది. అట్టమీద తాను కలంపేరుగా పెట్టుకున్న నాయనమ్మ పేరునే చూస్తూ నిలబడిపోతే బొరుగులు నానక ఏం చేస్తాయి? తిరగమాత మాడింది. పళ్ళెం పెట్టి ఇంకా వంటింట్లోకి తిరగనేలేదు, వెనక నుంచి వినిపించింది. టక్. టక్.

రామలింగయ్య ఎడమ చేతి ఉంగరం అది. పెళ్ళిలో అనసూయ నాయన పెట్టినది. పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం వాళ్ళింటి మగవాళ్ళకు అలవాటు లేదు. ఏమే అనీ పిలవడు, ఇదిగో అనీ పిలవడు. ఉంగరంతో రెండుసార్లు కొడతాడు. పళ్ళెం అంచు మీద కొడితే ఏదో తక్కువైందని. స్నానాలగది తలుపు మీద కొడితే తువ్వాలు. గడప మీద కొడితే చుట్టాలొచ్చారు, కాఫీ పెట్టమని. మంచం కోడు మీద కొడితే దేనికో చెప్పనక్కరలేదు, ఆ ఒక్కటీ ఆమె నవలలో కూడా రాయలేదు. కూతురు సాయిశ్రీ చిన్నప్పుడు బొమ్మలాట ఆడుకుంటూ మొగుడు బొమ్మ చేతికి చెంచా కట్టి గిన్నె మీద కొట్టించేది, పెళ్ళాం బొమ్మను గబగబా లేపేది. చూసి అందరూ నవ్వారు. అనసూయా నవ్వింది.

"ఉగ్గాని చేసినావా, సంగటి చేసినావా?" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు. ఊళ్ళో అందరూ ఆ మాటే అంటారు, కిరాణా రామలింగయ్య అంత నిదానస్తుడు లేడని. కొట్టడు, తాగడు, పరాయి ఆడదాని వైపు చూడడు. ఆళ్ళగడ్డలో ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఎవరిస్తారు?

మూడో చప్పుడు అనసూయ ఒక్కసారే విన్నది. యాగంటిలో. దర్శనమయ్యాక గాజులమ్మే ఆమెతో ఏదో మాట్లాడుతూ పగలబడి నవ్వుతోంది. కారు దగ్గర్నుంచి రెండు చప్పుళ్ళు వినిపించాయి. "ఒక్క నిమిషం," అంది, వెనక్కి చూడకుండానే. మూడోది పడింది. గాజులు కాగితంలో చుట్టించుకుని వచ్చేసరికి అక్కడ కారు లేదు. ఫోనూ, సంచీ కార్లోనే ఉన్నాయి. యాగంటిలో కాకి వాలదంటారు. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఆమె ఆకాశం వైపు చాలాసేపు చూసింది, నిజంగానే ఒక్క కాకీ రాలేదు. గుడికొచ్చిన వాళ్ళంతా ఎవరి దోవన వాళ్ళు వెళ్ళిపోయారు. గాజులామె కూడా బుట్ట సర్దుకుని, "మీవాళ్ళు యాడికి పోయిరి మా?" అని అడిగింది. "వస్తాండారు," అని అబద్ధం చెప్పింది అనసూయ. పొద్దు గుంకినాక కారు వచ్చి ఆగింది. లోపల్నుంచి అద్దం మీద ఉంగరంతో రెండుసార్లు కొట్టాడు. ఆమె ఎక్కింది. ఆ సంగతి ఇద్దరూ మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ భయం మాత్రం ఎక్కడికీ పోలేదు, ఆమె కడుపులోనే ఇల్లు కట్టుకుంది.

ఆ తర్వాతే ఆమె రాయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నాలు, ఆయన అంగడికి పోయాక, అంట్లు తోమించి, ఫోనులో. అంతా మార్చింది. కిరాణా వ్యాపారిని కాలేజీ లెక్చరర్‌ని చేసింది. ఆళ్ళగడ్డను గోదావరి ఒడ్డుకు మోసుకుపోయింది. యాగంటి మెట్లను పేరు లేని ఊరి బస్టాండు చేసింది. చివరికి తన పేరు కూడా మార్చుకుని విజయవాడలో ఒక చిన్న ప్రచురణ సంస్థకు మెయిల్ చేసింది, పుస్తకాలు ఇంటికి పంపవద్దని మరీ మరీ రాసింది. పట్టుబడే వీలే లేదనుకుంది.

పబ్లిషరు పాఠకుల అభిప్రాయాలు పంపేవాడు. పొయ్యి దగ్గర నిలబడి చదువుకునేది. ఒకాయన రాశాడు, బాలమ్మ అనేది కచ్చితంగా మగవాడే, ఆడవాళ్ళకు ఇంత కోపం ఉండదు అని. అనసూయకు నవ్వొచ్చింది. ఇంకొకరెవరో రాశారు: "ఉంగరంతో టకటక కొట్టి పెళ్ళాన్ని పిలిచే మొగుడు! రచయిత్రి ఊహకు జోహార్లు. నిజజీవితంలో ఇట్లాంటివాడు ఎక్కడా ఉండడు."

ఆమె ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. అన్నీ మార్చింది, దాన్ని మార్చలేదు. ఎందుకు మార్చలేదంటే, అది మార్చాల్సిన విషయమని ఆమెకు తోచనే లేదు. అన్నం తినేటప్పుడు నీళ్ళు తాగినట్టు, అందరిళ్ళలోనూ ఉండేదే కదా అనుకుంది. ఇంతకాలం కాపురం చేశాక, ఎవరో ముక్కూమొహం తెలియని పాఠకుడు చెబితే తప్ప ఆమెకు తెలియలేదు, అది తన ఇంట్లో మాత్రమే ఉందని.

అప్పటికీ నమ్మకం కుదరక పనికొచ్చే ఈరమ్మను అడిగింది. "మీ ఆయన నిన్ను ఎట్ల పిలుస్తాడు ఈరమ్మా?"

"ఎట్ల పిలుస్తాడు? ఓ ఈరీ అంటాడు. తాగొస్తే ఇంకా శానా అంటాడు," అంది ఈరమ్మ, గిన్నె బోర్లిస్తూ. "నోరుంది గదమ్మా వానికి."

ఇప్పుడు ఆ పుస్తకం ఇంట్లోకొచ్చింది. దొంగకు తేలు కుట్టినట్టయింది అనసూయ పని. నంద్యాల పాఠకుల వేదికకు రామలింగయ్య ఈమధ్యే పుస్తకాల బీరువాలు ఇప్పించాడు, కృతజ్ఞతగా వాళ్ళు ముఖ్య అతిథిని చేశారు. ఆయన ప్రసంగాలన్నీ అనసూయే రాస్తుంది. వాసవీ జయంతికి రాసింది, రోటరీకి రాసింది, ఎవరో పోతే సంతాపానికీ రాసింది. చదివేటప్పుడు చప్పట్లు ఆయనకు, రాసేటప్పుడు మెడనొప్పి ఈమెకు. కానీ తన నవల మీద తన మొగుడి అభిప్రాయం తానే రాయాల్సి రావడం ఎక్కడైనా విన్నామా?

ఆ వారమంతా ఆమె పుస్తకంలోని గుర్తుకాగితాన్నే కాపలా కాసింది. భోజనమయ్యాక ఆయన పుస్తకం అందుకుంటే చాలు ఆమె ఏదో ఒక వంకతో ఆ గదిలోనే తచ్చాడేది. ఉంగరం రెండో అధ్యాయంలో వస్తుంది. ఆయన నాలుగు పేజీలు తిప్పి, "ఏందీ, అంతా ఆమె మనసులో మాటే. కథ యాడుంది?" అని మొహం మీద పుస్తకం కప్పుకుని గురక పెట్టేవాడు. తన నవల మీద ఇంత దారుణమైన విమర్శ విని ఇంత సంతోషించిన రచయిత్రి మరొకరు ఉండరు.

ఆదివారం పొద్దున తలనొప్పిగా ఉందంది. "నువ్వు రాకుంటే నా మాత్ర ఎవరిస్తారు, నీళ్ళెవరిస్తారు?" అన్నాడు. ఆయన బయట నీళ్ళు తాగడు. ఇంట్లో కాచిన నీళ్ళ ఫ్లాస్కు ఆమె మోయాలి. శిరివెళ్ళ దాటేదాకా ఆమె ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కుడిచేతి వైపు కొండలనే చూస్తూ కూర్చుంది. హాల్లో ఎవరో ఒకరు ఆ ఉంగరం మాట ఎత్తుతారు. ఆయన వింటాడు. ఒకసారి తన వేలు చూసుకుంటాడు. ఏమీ అనడు. తిరుగు దారిలో, చీకట్లో, ఎక్కడో కారు ఆగుతుంది. అంతవరకు ఆలోచించగలిగింది, ఆపైన ఆలోచించలేకపోయింది.

మీటింగు ఒక స్కూలు మేడ మీద. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, పైన రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మైకు గరగరమంటోంది. అధ్యక్షురాలు భ్రమరాంబిక, రిటైరైన తెలుగు లెక్చరరు, ముందు పాఠకులను మాట్లాడమంది.

పాత ఆర్టీసీ కండక్టరు సంజీవయ్య మొదట లేచాడు. "నాకు అర్థం కాలేదు మేడమ్. ఆ మనిషి కొట్టడు, తాగడు. జీతం తెచ్చి ఇస్తాడు. బస్టాండులో వదిలేసినాడే అనుకో, మళ్ళా వచ్చి తోలుకుపోయినాడు గదా. ఆ పిల్లకు ఇంకేం కావల్ల? చిటికెడు తక్కువైతే సర్దుకోవల్ల." కొందరు నవ్వారు, కొందరు తలలూపారు. అనసూయ కూడా ఊపింది. ఊపుతున్నానని తర్వాత తెలిసింది.

రెండో వరసలో ఆసుపత్రి నర్సు రూతు లేచింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్ల చెప్పులు ఇంకా కాళ్ళకే ఉన్నాయి.

"అన్నా, కొట్టలేదంటాండావ్. మా వార్డుకు దెబ్బలు తగిలినోళ్ళు వస్తే మేం కట్టు కడతాం. ఈమెకు యాడ కట్టల్ల కట్టు? ఆ ఉంగరం టకటక సదువుతాంటే నేనే రెండుసార్లు పుస్తకం మూసి పక్కన పెట్టినా. ఈ రాసినామె ఎవరో గానీ, ఆమె దాన్ని ఊహించి రాయలా. విన్నాది."

అనసూయ వేదిక వైపు చూసింది. రామలింగయ్య ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు. చింతపండు ధర అయ్యుంటుంది. తల ఎత్తలేదు. ఆమె ఊపిరి సగం బయటికొచ్చింది.

"ఒకటే నచ్చలా నాకు," అంది రూతు. "ముగింపు. ఆకరి పేజీలో ఆయన ఉంగరంతో కొడతాడు, ఆమె లేచి పోతాది. అన్నీ తెలిసినాక గూడా ఎందుకు లేచింది? ముగింపు తప్పు రాసింది ఆయమ్మ."

అనసూయకు కోపం వచ్చింది. ఇంత భయంలోనూ వచ్చింది. లేవకుండా ఎట్లా కూర్చుంటుంది? లేవకపోతే మూడోది పడుతుంది. మూడోది పడితే ఏమవుతుందో నీకేం తెలుసు, నీ తెల్ల చెప్పులేసుకుని నడిచిపోతావు. పెరుగన్నం పెడతానన్నా లేవని పిల్లలుంటారు గానీ, ఆ చప్పుడుకు లేవని కాళ్ళు తనకు లేవు. కాళ్ళు ముందు లేస్తాయి, మనసు తర్వాత లేస్తుంది. ఆమె ఉన్నదున్నట్టు రాసింది. అది తప్పెట్లా అవుతుంది?

రామలింగయ్యను మాట్లాడమన్నారు. అనసూయ రాసిన పేజీ ఆయన బాగా చదివాడు. ఉంగరం ఊసు లేకుండా, ఉప్పూ పులుపూ సరిచూసి రాసిన పేజీ. 'భార్య మౌనాన్ని సమ్మతి అనుకునే భర్తలు ఈ నవల చదవాలి' అనే చోట చప్పట్లు పడ్డాయి. చప్పట్లు పడేసరికి ఆయన కాగితం మడిచి జేబులో పెట్టి సొంతానికి దిగాడు.

"నిజం చెప్పల్లంటే, ఇట్లాంటి మొగుళ్ళు ఈ కాలంలో యాడా లేరప్పా. మా ఇంట్లో నేను ఇంతవరకు గొంతు పెంచింది లేదు. కావల్లంటే అడగండి, మా ఆమె ఈడనే ఉండాది." ఆయన గొంతు జీరబోయింది. దగ్గాడు. నీళ్ళ కోసం బల్ల మీద చూశాడు. వాళ్ళు పెట్టిన సీసా ఆయన ముట్టడు.

ఎడమ చెయ్యి మైకు మీదికి పోయింది. కళ్ళు అనసూయను వెతికి పట్టుకున్నాయి.

టక్. టక్.

రెండు స్పీకర్లలోంచీ వచ్చిందా చప్పుడు. ఇంట్లో ఎప్పుడూ అంత గట్టిగా ఉండదు. ఎవరో పుస్తకం మూశారు. సంజీవయ్య నోరు తెరిచి రామలింగయ్య వేలి వైపు చూస్తున్నాడు. ఆ తర్వాత ఒక్కొక్క తలే ఆయన చూపు ఎటుందో అటు తిరిగింది. రూతు అందరికంటే చివర తిరిగింది. అనసూయ మొహం చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రామలింగయ్యకు ఒక్కడికే ఏమీ తెలియలేదు. ఆయన పుస్తకం చదవలేదు కదా.

అనసూయ కాళ్ళు లేచాయి. సగం లేచాయి. ఒళ్ళో ఫ్లాస్కు జారబోతే పట్టుకుంది. యాగంటి మెట్లు కళ్ళ ముందుకొచ్చాయి, గాజులామె బుట్ట సర్దుకోవడం, "వస్తాండారు" అని తాను చెప్పిన అబద్ధం. అప్పుడు ఆమెకు ఒకటి తట్టింది. ఆ రోజు కారు వెళ్ళిపోయాక ఆమె చచ్చిపోలేదు. సాయంత్రందాకా ఒంటరిగా కూర్చుంది, అంతే. కూర్చోవడం తనకు వచ్చు.

ఆమె కూర్చుంది.

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. వేలు ఒక క్షణం గాల్లో ఆగింది. టక్. మూడోది.

కుర్చీ అంచును రెండు చేతులా పట్టుకుంది అనసూయ. కింద నేల కదులుతున్నట్టే ఉంది గానీ, కుర్చీలోంచి లేవలేదు. భ్రమరాంబిక ఏం చేయాలో తోచక, మరో మైకు అందుకుని, చాలా మెల్లగా, "అమ్మా... మీరూ చదివినారా ఈ నవల? మీ అభిప్రాయం..." అంది.

ఎవరో మైకు చేతికి అందించారు. దానిలో ముందు అనసూయ ఊపిరే వినిపించింది. ఆమె మొగుడి వైపు చూడలేదు, రూతు వైపు చూసింది.

"ఆయమ్మ చెప్పింది నిజమే," అంది. "ముగింపు నేను తప్పు రాసినా."