బుధవారం రెండు నుంచి నాలుగు

బకెట్లోంచి తీసిన ఈత నిక్కరు పిండుతూ ఆమె చటుక్కున ఆగిపోయింది.

పొద్దున ఉతికి ఆరేసిన నిక్కరే ఇది. పన్నెండింటికల్లా ఎండితే మడతపెట్టి అలమరలో పెట్టింది కూడా తనే. సాయంత్రానికి మళ్ళీ తడిసి, ముక్కు మండే క్లోరిన్ వాసనతో బకెట్లోకి ఎలా వచ్చింది? ఇవాళ బుధవారం. బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వార్డు ఈతకొలను ఆడవాళ్ళది. వారమంతా మగాళ్ళకి రాసిచ్చి, ఆడవాళ్ళకి విదిల్చింది ఆ రెండు గంటలే.

"ఇది మళ్ళీ తడిసిందేమిటండీ?"

"పంపు రిపేరు చూస్తుంటే నీళ్ళు మీద పడ్డాయి," అన్నాడు భర్త పేపర్లోంచి తలెత్తకుండా. బస్సు డిపోలో ఉద్యోగం ఆయనది, బుధవారం సెలవు. ఈతకొలను కమిటీకి కార్యదర్శి కూడా ఆయనే.

పంపు చూడ్డానికి ఎవరైనా ఈత నిక్కరు తొడుక్కుని వెళతారా? మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. పదహారేళ్ళ కాపురంలో మింగడం బాగానే వంటబట్టింది.

ఆమె ఇంట్లోనే స్కూలు యూనిఫారాలు కుడుతుంది. పొద్దస్తమానం కుట్టుమిషను తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగాయి. "మందులతో పోయేది కాదమ్మా, రొమ్ములోతు నీళ్ళలో నడవాలి, లేకపోతే ఏడాదిలో మిషను మానేస్తావు," అన్నాడు డాక్టరు. మిషను మానేస్తే తన చేతిలో ఇక తనదంటూ ఏమీ ఉండదు. అందుకని మూడు బుధవారాలు కుంటుకుంటూ కొలను దాకా వెళ్ళింది. మూడుసార్లూ గేటుకి గొలుసు, గొలుసుకి బోర్డు: శుభ్రం చేస్తున్నాము, లోపలికి రాకూడదు. గోడ నిలువెత్తుకన్నా ఎక్కువ. అవతల ధబీమని చప్పుడు. "అదేంటి?" అని అడిగితే, "కడుగుతున్నారమ్మా," అన్నాడు వాచ్‌మన్. నవ్వులు వినపడ్డాయి. "నవ్వుతున్నారేంటి?" అంది. "కడిగేవాళ్ళు నవ్వకూడదా అమ్మా?" అన్నాడు వాడు, మొహం పక్కకి తిప్పుకుని. ఇంటికొచ్చి భర్తని అడిగితే, "నీకు అనుమానం జబ్బు పట్టుకుంది," అన్నాడు. మగాడు అడిగితే విచారణ, పెళ్ళాం అడిగితే జబ్బు. నిజంగా జబ్బేనేమో అని ఆమె కొన్నాళ్ళు తననే అనుమానించుకుంది కూడా. వీళ్ళ తెలివంతా అక్కడే ఉంది. దొంగని పట్టుకోబోయినదాన్ని తన కళ్ళనే నమ్మకుండా చేస్తారు.

నిక్కరు తీగ మీద వేసి వచ్చేసరికి అత్తగారితో ఆయన చెబుతున్నాడు: "నెలాఖరు ఆదివారం మీటింగులో ఆడవాళ్ళ టైం ఎత్తేస్తున్నాం. ఒక్క మనిషీ రావట్లేదు. నీళ్ళు దండగ."

"మంచిపని. ఆడదానికి ఈతెందుకురా, బకెట్టు చాలదూ?" అంది అత్తగారు. ఆ తర్వాత కోడలి వైపు తిరిగింది. "అన్నట్టు, వచ్చేవారం ఫ్లాస్కు నిండా పొయ్యవే అమ్మాయ్. ఆరుగురికీ టీ చాల్లేదట."

ఆరుగురా? ఇన్ని వారాలుగా "పనివాళ్ళకి" అని టీ కాచి, ఫ్లాస్కు కడిగి, మూత బిగించి చేతికిచ్చింది తను. కొలను కడగడానికి వచ్చేది ఒకే ఒక్క ముసలాయన, అదీ సోమవారం పొద్దున. ఆ సంగతి వీధిలో చిన్నపిల్లలకీ తెలుసు. అత్తగారికి తెలిసే అందా, తెలియకుండా అందా? ఆమె మొహంలోకి చూసింది. ఏమీ దొరకలేదు.

తర్వాతి బుధవారం ఫ్లాస్కు నిండా పోసి పంపింది. రెండు కొట్టగానే పక్కింటి నర్సు తలుపు తట్టింది.

"వదినా, ఒక్కదాన్నే వెళితే నన్ను పిచ్చిదాన్ని చేస్తారు. తోడు రా."

"డ్యూటీ దిగి ఇప్పుడే పడుకున్నాను వదినా. సరే, పద. నిద్రకేం, రేపూ వస్తుంది."

వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. "అమ్మా, కడుగు..." "మేమూ ఓ చెయ్యేస్తాంలే," అంది నర్సు. తను వంగి గొలుసు ఎత్తి కింద పడేసింది. తాళం కూడా లేదు. మూడుసార్లు తనని వెనక్కి పంపింది ఒట్టి గొలుసు.

నీళ్ళలో ఆరుగురు మగాళ్ళు. మందులషాపు పెద్దాయన పొట్ట పైకి పెట్టి తేలుతున్నాడు. గట్టు మీద ఆమె ఫ్లాస్కు, ఆరు కప్పులు. లోతు ఎక్కువున్న చివర ఆమె భర్త. ఆమెని చూసి మెడ దాకా మునిగాడు.

"నువ్వెందుకొచ్చావ్?"

"ఇవాళ బుధవారమండీ."

"సరే, బయట నిలబడండి, వచ్చేస్తాం."

"బయట చాలాసార్లు నిలబడ్డాను."

బట్టలన్నీ ఆడవాళ్ళిద్దరి వెనక కుర్చీల మీద ఉన్నాయి. ఆరుగురిలో ఒక్కడూ కదలడు. "అటు తిరగండమ్మా, పైకి రావాలి," అన్నాడు మందులషాపాయన, మొహం ఎర్రబడి.

"సిగ్గుపడకండి బాబాయిగారూ, ఆస్పత్రిలో రోజుకి యాభైమందిని చూస్తాను," అంది నర్సు. కుర్చీ లాక్కుని మరీ కూర్చుంది.

ఆడవాళ్ళ ఒళ్ళు ఎవడి కంటా పడకూడదనే ఆ రెండు గంటలు విడిగా పెట్టామని చెప్పుకునే పెద్దమనుషులు వీళ్ళు. ఇద్దరు ఆడవాళ్ళు ఊరికే చూస్తుంటే మెట్లెక్కలేకపోయారు. చివరికి ఒక్కొక్కడే గట్టు మీది తువ్వాలు అందుకుని, అడ్డం పెట్టుకుని, గోడకి రాసుకుంటూ బయటపడ్డాడు.

ఆమె తొందరపడలేదు. ఎప్పుడూ రానివ్వని చోటు కదా, గోడలన్నీ పరీక్షగా చూసింది. ఎవర్ని నమ్మగలదు, కళ్ళతో చూస్తే తప్ప? బట్టల కుర్చీల పైన కమిటీ నియమాలు రంగుతో రాసి ఉన్నాయి. కింద కార్యదర్శి అని భర్త పేరు. ఒకటోది నుంచి చివరిదాకా చదివింది. తొమ్మిదో దాని దగ్గర ఆగి మళ్ళీ చదివింది.

భర్త తల తుడుచుకుంటూ దగ్గరికొచ్చి పళ్ళు కొరికాడు. "పరువు తీశావు. ఇంటికి పద, ఇంట్లో మాట్లాడుకుందాం."

ఇంట్లో మాట్లాడుకోవడమంటే ఆయన మాట్లాడటం, ఆమె గిన్నెలు తోమడం.

"ఇంట్లో వద్దండీ. ఆదివారం మీటింగులో మాట్లాడతాను."

"మీటింగుకి ఆడవాళ్ళు రారు!"

"తొమ్మిదో నియమం మీరే రాశారుగా, ఇంటికో ఓటని," అంది ఆమె, నీళ్ళలోకి మొదటి మెట్టు దిగుతూ. "మగాడికో ఓటని రాయడం మర్చిపోయారు. మనింటిది నేనేస్తాను."