గుమ్మం మీద మొహం

మల్కాపురంలో ఈతాకు శిలువ అల్లాలంటే నా తర్వాతే ఎవరైనా. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ పనితనమే నా కొంప ముంచింది కాబట్టి చెబుతున్నాను. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు ఫాదర్‌గారు తీర్థం చల్లిన శిలువను ఇంటింటా గుమ్మం మీద పెట్టుకుంటాం. తీర్థం పడ్డాక దాన్ని తుంచకూడదు, చెత్తలో వెయ్యకూడదు. మరుసటి ఏడు విభూది బుధవారానికి గుడికి తెస్తే, కాల్చి ఆ బూడిదే మా నుదుట పెడతారు.

కిందటేడు వార్డు ఎన్నికలు సరిగ్గా మట్టల ఆదివారం పక్కనే వచ్చి పడ్డాయి. కార్పొరేటర్‌గా నిలబడ్డ దేవీప్రసాద్ మా ఇంటికొచ్చి, చెప్పులు బయట విప్పి, కుర్చీ వేస్తే వద్దని నేల మీద కూర్చున్నాడు. అతి వినయం ధూర్త లక్షణమని ఊరికే అన్నారా!

“రేచలమ్మా, అవతలోళ్లు సీరలు, కుక్కర్లు పంచుతన్నారు. నాను అలాటివి పంచను. నీ సేత్తో అల్లిన శిలువలు ఇంటింటికీ ఇద్దాం. మజ్జిలో నా ఫొటో ఒకటి పడితే సాలు.”

“శిలువలో మీ మొకమేటి బాబూ?” అన్నాడు మా ఆయన కృపాకర్.

దేవీప్రసాద్ తడుముకోలేదు. “మీ సమాధుల తోట మాటేటి మరి? లారీల యార్డుకి అడుగుతన్నారంట కదా. నాను గెలిత్తే సుట్టూ గోడ కట్టిత్తాను బావా. నా పిల్లల మీద ఒట్టు.”

గుడి వెనక ఆ తోటలోనే మా కీర్తన ఉంది. బడికెళ్లే పిల్ల, జ్వరమొచ్చి పోయింది. తోటకి పట్టా లేదు, కంచె లేదు. మా పాప మీద లారీ చక్రం ఎక్కకుండా ఆపేవాడు దెయ్యమైనా ఫర్వాలేదనుకున్నాను. అనుకోనా మరి? ఏ తల్లి అనుకోదు?

అల్లాను. ఫొటోని జిగురుతో పైన అంటించినా వాడికి సరిపోయేదే. కానీ నా పనిలో అతుకులుండవు. నిలువాకూ అడ్డాకూ కలిసే చోట ఆ నున్నటి కాగితాన్ని లోపలికి తోసి, మొహం మేరకు సందు వదిలి, చుట్టూ బిగించాను. శిలువ తుంచితే తప్ప మొహం ఊడదు. ఫాదర్‌గారు కాస్త నసిగారు. వాడి డబ్బుతో గుడికి కొత్త మైకుసెట్టు వచ్చింది కదా, తీర్థం చల్లేశారు. దేవీప్రసాద్ ఒక శిలువ లాగి చూసి, “ఓలమ్మ, ఏం సేతులే నీవి! సచ్చినా ఊడదు” అని మురిసిపోయాడు.

గెలిచాడు. అన్నట్టే గోడా కట్టించాడు, లారీల యార్డుకి. యార్డు ఎవరిదనుకున్నారు? వాడి బావమరిదిది. వానలు వెలిశాక ఒక పొద్దున మెషిన్ దిగి తోటంతా చదును చేసింది. మేం పరుగెత్తుకెళ్లేసరికి కీర్తన పేరున్న రాయి మిగతా రాళ్లతో కలిసి కుప్పలో పడుంది. పిల్ల ఏ మూల ఉందో కూడా తెలియకుండా గ్రావెల్ పరిచేశారు, వాళ్ల చేతులు పడిపోను! సమాధుల దగ్గర దీపాలు పెట్టే ఆత్మల పండక్కి కొవ్వొత్తి పట్టుకెళ్తే వాచ్‌మన్ గేటు తియ్యలేదు. “లోపల డీజిలుంటాది, మంట తేకూడదమ్మా” అన్నాడు. గోడ బయటే వెలిగించి వచ్చేశాం.

ఇంటికొస్తే గుమ్మం మీద వాడు నవ్వుతున్నాడు. మా ఆయన కర్రెత్తాడు. నేనే అడ్డం పడ్డాను.

“వొద్దయ్యా, తీర్థం పడింది.”

“ఆడి మొకానికి తీర్థమేటే?”

“మొకానికి కాదు, శిలువకి.”

పిన్నీసుతో గీకి చూశాను. మొహం రాలేదు, ఆకు చిట్లబోయింది. ఆపేశాను. పక్కింటి అప్పలమ్మ వచ్చి, “ఏటే రేసలూ, ఇంత గట్టిగా ఎందుకల్లినావే! రోజూ ఆడి కిందనుంచే లోపలికెళ్తన్నాను” అని ఏడ్చింది. ఆమె మొగుడు కూడా ఆ గ్రావెల్ కిందే ఉన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

మొన్న విభూది బుధవారానికి శిలువలన్నీ గుడికి చేరాయి. పళ్లెంలో వేసి కాలిస్తే ముందు ఆకు అంటుకుంది, ఆ తర్వాత మొహాలు ముడుచుకుపోయాయి. పీడ విరగడైందనుకున్నాను. ఎక్కడ విరగడవుతుంది? పూజకి వెళ్తే ముందు బెంచీలో దేవీప్రసాద్ తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి చేతులు జోడించాడు.

“ఈ యేడు కూడా నువ్వే అల్లాల రేచలమ్మా. నీ సెయ్యి మంచిది.”

వెళ్లి లైనులో నిలబడ్డాను. నా వంతు వచ్చాక ఫాదర్‌గారు బూడిదలో బొటనవేలు అద్ది, నా నుదుట పెట్టి, ఏటా అనే మాటే అన్నారు.

“నీవు మట్టివి, తిరిగి మట్టికే చేరుకుంటావు.”

“ఏ మట్టికి ఫాదర్?” అన్నాను. “మా కీర్తన ఎక్కడుందో సూపించండి. రేపు నన్నెక్కడ పెడతారో అదీ సెప్పండి.”

ఆయన వేలు నా నుదుటి మీదే ఉండిపోయింది. ఆయన ముందున్న మైకులో నా మాట గుడంతా వినబడింది. గోడ అవతల ఒక లారీ రివర్సు తీసుకుంటూ కూత పెట్టింది.