విడి రైటర్

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో భానుప్రసాద్ దుకాణం. గాజు బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు తెరిచి ఉన్నాయి. ఒకటి కొత్తది, పలుచనిది, చంకలో పెట్టుకొని బస్సెక్కొచ్చు. రెండోది ఏదో ఆఫీసు వాడి వదిలేసిన పాతది, ఇటుకంత లావు. దాని పక్కన డిస్కు పెట్టే అర ఉంది. మీట నొక్కితే నాలుక బయటపెట్టినట్టు బయటికొస్తుంది. ధర రెండింటికీ ఇంచుమించు ఒకటే కాబట్టి ఆ గొడవ లేదు. గొడవంతా ఆ నాలుక దగ్గరే.

"గిది కావాలె," అన్నాడు రామ్‌దాస్, లావుదాని మీద చెయ్యేసి.

రామ్‌దాస్ కోటగిరి దగ్గర చెరకు రైతు, ఊరి రైతు సంఘానికి అధ్యక్షుడు. అధ్యక్షుడంటే కుర్చీ ఉంటుందనుకోకండి. ఆ కుర్చీని ఎవరో పెళ్లికని తీసుకుపోయారు, తిరిగి రాలేదు. పక్కన నిలబడ్డది ఆయన తమ్ముడి కూతురు శిరీష. డిగ్రీ చదివింది, సంఘం రాతకోతలన్నీ ఆమెవే. ఈ ల్యాప్‌టాప్ కూడా ఆమె చేతిలోనే ఉండబోతుంది.

"పెద్దబాపూ, డిస్కులు ఇప్పుడు ఎవలు వాడుతున్నరు? దీని బ్యాటరీ బస్సు బోధన్ చేరకముందే సస్తది. గీ సన్నది తీస్కుందాం. డిస్కు రాసుటానికి విడిగా రైటర్ దొరుకుతది. వైరు పెడితే సాలు. పని ఒకటే."

"పని ఒకటే అని నాకు ఎర్కే. విడిగా ఉంటది సూడు, గదే నా బాధ."

భానుప్రసాద్ నవ్వాడు. "కాకా, విడిగా ఉంటే మంచిదే గదా. ఖరాబైతే గదొక్కటే మార్చుకుంటవు."

"ఖరాబు కాదు బై, మాయమైతది. మా సంఘం మైకు ఏడుందో తెల్సా? నాకూ తెల్వది. వైరు బాక్సు తీస్కపోయిండ్రు. మోటరు విప్పే పానా తీస్కపోయిండ్రు. గోడ గడియారం ఒక్కటే మిగిలింది. మొలకు తుప్పుపట్టి రాలే గాబట్టి."

"గా గడియారం ఎప్పుడో ఆగిపోయింది పెద్దబాపూ," అంది శిరీష.

"ఆగిపోయింది గని, పోలే!"

దుకాణంలో ఇంకో ఇద్దరు కూడా నవ్వారు. రామ్‌దాస్ నవ్వలేదు.

డిస్కు ఎందుకో చెప్పాలి. ఊరి పక్కనున్న చక్కెర ఫ్యాక్టరీవాడు సారా తీసే విభాగాన్ని ఇంకా పెద్దది చేస్తానన్నాడు. చట్టం ప్రకారం ఊరివాళ్లను పిలిచి అడగాలి, పిలిచారు. షామియానా వేశారు, సమోసాలు పెట్టారు. ముత్తవ్వ లేచి నిలబడింది. ఫ్యాక్టరీ మురుగు కాలువకు ఆనుకొని ఆమె బావి ఉంది. ఆ బావి నీళ్లే ఒక చెంబులో తెచ్చి ఆఫీసరు ముందు బల్ల మీద పెట్టింది. "నా బర్రె దీన్ని తాగలే సారూ. వాసన సూసి మల్లింది. నువ్వు సదువుకున్నోడివి గదా, నువ్వు తాగు" అంది. జనం ఈలలు వేశారు. ఆఫీసరు చెంబు ముట్టుకోలేదు.

సర్కారు కెమెరావాడు సరిగ్గా ఆ సమయానికి బ్యాటరీ మార్చుకుంటున్నాడట. కాగితాల్లో మాత్రం "గ్రామస్థులు హర్షం వ్యక్తం చేశారు" అని రాశారు. హర్షమట! మన ఊరి సాయిరాం తన ఫోన్లో తీసిన వీడియో లేకపోతే ముత్తవ్వ లేచి నిలబడలేదు, చెంబు లేదు, బర్రె లేదు.

ముత్తవ్వతో ఆ మాట మళ్లీ చెప్పిద్దామంటే కుదరదు. ఆ తర్వాత కొద్దిరోజులకే పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది, మాట పోయింది. ఆమె నోట్లోంచి ఇప్పుడు మూలుగు తప్ప ఏమీ రాదు. ఆమె మాట మిగిలింది ఆ వీడియోలోనే. "నీ మాట కాగితాలల్ల ఎక్కిస్త అవ్వా" అని రామ్‌దాస్ ఆమె మంచం పట్టె పట్టుకొని ఒట్టు పెట్టాడు.

అభ్యంతరాలుంటే శుక్రవారం సాయంత్రం ఐదులోపల ఇవ్వాలని, వీడియోలైతే డిస్కులోనే ఇవ్వాలని నోటీసు వచ్చింది. దుకాణాల్లో డిస్కులు చచ్చిపోయి ఎన్నేళ్లయిందో. జనం దేన్ని పారేస్తే ఆఫీసు దాన్నే అడుగుతుంది. సులువుగా దొరికేది అడిగితే మనం తెచ్చి ఇస్తాం కదా, అదీ దాని భయం.

చివరికి శిరీష మాటే నెగ్గింది. నెగ్గకుండా ఎట్లా? ఆమె చెప్పిందాంట్లో తప్పేముంది? పలుచని ల్యాప్‌టాప్, దానికి అరచేయంత నల్లటి విడి రైటర్, పది ఖాళీ డిస్కులు కొన్నారు. భానుప్రసాద్ రైటర్‌ను సంచిలో వేస్తుంటే రామ్‌దాస్ అడిగాడు, "దీన్ని గా మిషినుకు అతికియ్యస్తదా?"

"అతికిస్తే మడిచి మూసుడెట్ల కాకా?"

బుధవారం శిరీష వీడియో డిస్కులోకి ఎక్కించింది. రాసేముందు కంప్యూటరు ఒక ప్రశ్న అడుగుతుంది. డిస్కు తెరిచి ఉంచాలా, తర్వాత ఇంకా ఎక్కించుకుంటారా, లేక మూసేయాలా అని. మూసేస్తే ఇక ఏమీ చేర్చలేం.

"పెద్దబాపూ, మూసెయ్యనా?"

"ఆగు బిడ్డా, మూయకు. మోస్రా నుంచి రుక్మాబాయి గూడ జెప్తనన్నది. ఆమె పొలానికీ గదే మురుగు బోతుంది. ఒస్తే గిండ్లనే పెడదాం."

సంఘంలో పద్ధతి అది. మీటింగు అయిపోయి చాప చుట్టేస్తుంటే వచ్చినవాడిని కూడా కూర్చోబెట్టి మాట్లాడనిస్తారు. శిరీష డిస్కు మూయలేదు. పెట్టి చూసింది, వీడియో చక్కగా ఆడింది. ముత్తవ్వ గొంతు ఇల్లంతా వినిపించింది.

గురువారం మధ్యాహ్నం మోస్రా నుంచి భాస్కర్ బండి మీద వచ్చాడు. అక్కడి సంఘం అతనిది. వాకిట్లోనే నిలబడి, "అన్నా, రుక్మాబాయి రాదట. ఇంట్ల మనుమరాలు బాలింత. గా రైటర్ ఇయ్యి, మా దగ్గర ల్యాప్‌టాప్ ఉన్నది, మేమే ఆమెది రాసుకుంటం. రేపు ఆఫీసుకాడికి పట్కొని ఒస్తం" అన్నాడు.

శిరీష లోపల అర్జీ రాస్తోంది. బయటికొచ్చేసరికి భాస్కర్ బండి మూల తిరుగుతోంది.

"ఇచ్చినవా?"

రామ్‌దాస్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "రుక్మాబాయి మాట గూడ పోవాలె గదా బిడ్డా."

శిరీష మళ్లీ అర్జీ ముందు కూర్చుంది. నిజమే కదా. ఆ పూట ఆమెకు డిస్కు తెరిచి ఉందన్న సంగతే గుర్తురాలేదు.

శుక్రవారం మూడున్నరకు ఇద్దరూ నిజామాబాద్ ఆఫీసులో ఉన్నారు. గుమస్తా డిస్కు తీసుకొని, తన ముసలి కంప్యూటర్లో పెట్టాడు. అది గిర్రున తిరిగింది. ఆగింది. మళ్లీ తిరిగింది.

"ఇందులో ఏం లేదమ్మా. ఖాళీ."

"ఖాళీ కాదు సార్, నేనే పెట్టి చూసిన. మళ్లీ చూడండి."

మళ్లీ చూశాడు. ఖాళీయే. శిరీషకు అప్పుడు వెలిగింది. మూయని డిస్కును రాసిన రైటరే చదువుతుంది. ఈ పాత మిషన్లకు అది తెల్లకాగితం. ఆ రైటర్ ఉంటే కొద్ది నిమిషాల్లో మూసేయొచ్చు. తన ల్యాప్‌టాప్ చంకలోనే ఉంది, పలుచగా, అందంగా, ఏ పక్కనా ఏ అరా లేకుండా.

భాస్కర్‌కు ఫోన్ చేసింది. "అన్నా, ఏడున్నవు? రైటర్ జల్ది కావాలె."

"వర్నికి పోతున్న చెల్లె, రైటర్ కోసమే. పొద్దుగాల గాడి సంఘపోళ్లు గూడ ఒక్క డిస్కు రాసుకుంటమని తీస్కపోయిండ్రు. కాదంటమా? సంఘం వస్తువాయె."

"నీకెవలు జెప్పిండ్రన్నా గాళ్లకియ్యమని!"

"మాకు మీరెట్లిచ్చిండ్రో గట్లనే."

ఆమె ఫోన్ పెట్టేసి రామ్‌దాస్ వైపు చూసింది. ఆయన అప్పటికే నేల చూస్తున్నాడు. భానుప్రసాద్ దుకాణానికి తాళం వేసి ఉంది. బజారులో స్టూడియోలకు పరుగెత్తారు. ఒకడు డిస్కు మిషన్లు పాత ఇనుపసామానులో వేశానన్నాడు. ఇంకొకడి దగ్గర మిషన్ ఉంది, ఖాళీ డిస్కు లేదు. వీళ్ల ఖాళీ డిస్కులు ఊళ్లో ఉన్నాయి. తిరిగొచ్చేసరికి ఐదు కావస్తోంది.

శిరీష నేరుగా ఆఫీసరు గదిలోకి వెళ్లింది. షామియానా కింద కూర్చున్న ఆఫీసరే. చెంబు ముట్టుకోని ఆఫీసరే.

"సార్, పెన్‌డ్రైవ్‌లో ఇస్తాం."

"మా సిస్టమ్స్‌లో పెన్‌డ్రైవ్ పెట్టకూడదమ్మా. వైరస్‌ల గురించి ఆర్డరుంది."

"మెయిల్ పంపుతా."

"నోటీసులో డిస్కు అని ఉంది."

శిరీష ల్యాప్‌టాప్ తీసి ఆయన బల్ల మీద పెట్టి, తెరిచి, మీట నొక్కింది. ముత్తవ్వ లేచి నిలబడింది. చెంబు బల్ల మీద పెట్టింది. నా బర్రె దీన్ని తాగలే సారూ, అంది. గుమస్తాలు తలుపు దగ్గర గుమిగూడారు. ఈలలు వినబడ్డచోట ఒకతను నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తెరమీద ఆఫీసరు చెంబు వైపు చూస్తున్నాడు, కుర్చీలో ఆఫీసరు తెర వైపు చూస్తున్నాడు. ఆయన మొత్తం విన్నాడు. మధ్యలో ఆపమనలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

అయిపోయాక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"విన్నానమ్మా. కానీ నాకు అందలేదు."

"మీ చెవులతోని విన్నరు గద సార్!" వెనకాలే వచ్చిన రామ్‌దాస్ అరిచాడు.

"నా చెవులు ఫైల్లో పెట్టలేను కదా, పెద్దాయనా."

ఇట్లాంటివాణ్ని తిట్టడం తేలిక. తిట్టారు కూడా, మెట్లు దిగుతూ. కానీ బూతు మాటకు కూడా దమ్ము కావాలి. రామ్‌దాస్ తిట్టు సగంలోనే ఆగిపోయింది.

భాస్కర్ వచ్చేసరికి గేటు మూస్తున్నారు. చెమటలు కక్కుతూ, తువ్వాలులో చుట్టిన రైటర్‌ను పసిబిడ్డను అందించినట్టు అందించాడు. రుక్మాబాయి డిస్కు కూడా తెచ్చాడు. అదీ మూయనిదే, దానికీ గడువు దాటిందే. శిరీష మెట్ల మీదే కూర్చొని రెండు డిస్కులూ ఒకదాని తర్వాత ఒకటి మూసింది. పెద్ద పనేం కాదు. వాచ్‌మన్ జాలిపడి, సోమవారం తెస్తే గుమస్తాకిచ్చి "ఆలస్యంగా అందింది" అని ముద్ర వేయిస్తానన్నాడు. ఆ ముద్ర పడ్డవాటిని ఎవరైనా చూస్తారా అని అడిగితే, తల గోక్కున్నాడు.

బోధన్ బస్సులో ముగ్గురూ ఒకే సీటులో ఇరుక్కున్నారు. కొంతదూరం పోయాక భాస్కర్ మెల్లగా అన్నాడు, "అన్నా, వర్నోళ్లది గూడ మూయలేదట. గా రైటర్ ఒక్కరోజు ఇయ్యరాదు?"

ఒళ్లో ఉన్న రైటర్ మీద రామ్‌దాస్ చెయ్యి కదిలింది. ఇవ్వడానికే కదిలింది. శిరీష చూసింది. దుకాణంలో ఈయన భయపడ్డది దొంగలకు కాదు, ఈ చేతికి. అది ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఆయన ఆ పనిముట్టును విప్పరాని చోట దాచమన్నాడు, తన నుంచి.

ఆమె రైటర్ లాక్కొని తన సంచిలో వేసుకుంది. "ఇయ్యను."

"సంఘం వస్తువు గదా చెల్లె?"

"గందుకే ఇయ్యను. గాళ్లనే మా ఇంటికి రమ్మను, నేనే మూసిస్త."

"వర్ని నుంచి కోటగిరికి ఒక్క డిస్కు కోసమా?" భాస్కర్ ముఖం మాడిపోయింది. "గిట్ల మొదలువెడితే ఇగ సంఘమేంది, దుకాణమనరాదు?"

శిరీష సంచిని ఒళ్లోకి లాక్కుంది. బోధన్ వచ్చింది. దిగేటప్పుడు భాస్కర్ పోయొస్తానని కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు. రామ్‌దాస్ అతని వీపునే చూస్తూ నిలబడ్డాడు.

ఊళ్లోకి రాగానే ఇంటికి పోకుండా రామ్‌దాస్ ముత్తవ్వ ఇంటికి నడిచాడు. శిరీష వద్దనలేదు, వెంట వెళ్లింది. ముత్తవ్వ మంచం మీద గోడకు ఆనుకొని కూర్చుంది. ఆయన్ను చూడగానే ఆమె కళ్లు పెద్దవయ్యాయి. గొంతులోంచి ఏదో పైకి రాబోయి అక్కడే ఆగింది. ఏమడుగుతోందో ఎవరికైనా తెలుస్తుంది.

"ఇచ్చినం అవ్వా," అన్నాడు రామ్‌దాస్. "సార్ మొత్తం విన్నడు. నీ మాట ఎక్కినట్టే."

విన్నాడన్నది నిజం. మిగతాది కాదు. శిరీష తలుపు చెక్కను గోటితో గీస్తోంది.

ముత్తవ్వ చాలాసేపు ఆయన ముఖాన్నే చూసింది. తర్వాత పనిచేసే ఎడమచేతిని మంచం పక్కకు చాపింది. అక్కడ స్టూలు మీద, ఆ రోజు ఆఫీసరు ముందు పెట్టిన చెంబే ఉంది. ఇంట్లోవాళ్లు ఇప్పుడు డబ్బా నీళ్లు కొని తాగుతున్నారు, బావి నీళ్లు కాళ్లు కడుక్కోవడానికి మాత్రమే ఇలా చెంబులో పెడతారు. ఆమె ఆ చెంబును మెల్లగా ఆయన వైపు నెట్టింది.

రామ్‌దాస్ దాన్ని అందుకోలేదు.