రిలీజైపోయిన గురువారం

పద్మిని అడిగింది ఒక్క రోజు. గురువారం బదులు శుక్రవారం కుదురుతుందా అని, అదీ ముందు ఒక సారీ, వెనక ఒక ప్లీజూ తగిలించి మరీ అడిగింది. ఫోనులో ఉన్న పిల్ల ఒక్క క్షణం ఆగమని కీబోర్డు టకటకలాడించింది. ఆ టకటకల్లోనే కొంప మునిగిందని పద్మినికి అప్పటికి తెలియదు.

"శుక్రవారం లేదు మేడమ్. తర్వాతి ఖాళీ ఏప్రిల్లో ఉంది."

"ఏప్రిలా! ఇంకా డిసెంబరే కదమ్మా. అయితే మార్చొద్దులే, గురువారమే ఉంచెయ్యి."

"గురువారంది రిలీజ్ చేసేశాను."

"చేసేశావా? నేను కుదురుతుందా అని అడిగాను గానీ తీసెయ్యమనలేదే!"

"కొత్త డేట్ వెతకాలంటే పాతది ముందు రిలీజ్ చెయ్యాలి. సిస్టమ్ అలా ఉంది."

"ఇప్పుడే కదా చేశావు. ఇంకా వేడి కూడా ఆరలేదు. వెనక్కి లాక్కో."

"అది ఖాళీ డేట్లన్నీ ఉండే పూల్‌లోకి వెళ్లిపోయింది మేడమ్. ఆ పూల్ నాకు కనిపించదు. ఏప్రిల్ బుక్ చెయ్యమంటారా? ఇంకేమైనా సాయం కావాలా?"

ఇంకేమైనా అట! చేసిన సాయం చాలదన్నట్టు. పద్మిని ఏప్రిల్‌కి సరేనని ఫోను పెట్టేసి, దేశంకాని దేశంలో బ్రాంప్టన్‌లోని ఆ బేస్‌మెంట్ వంటగదిలో స్టౌ ముందు అలాగే నిలబడిపోయింది. పాలు పొంగి స్టౌ మీద పడుతున్నా చూసుకోలేదు.

ఆ గురువారం మామూలు గురువారం కాదు. ఆమె భర్త వీర్రాజు కడుపుకి తియ్యాల్సిన ఎమ్మారై స్కాను రోజది. వీర్రాజు గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఒకప్పుడు అమలాపురం దగ్గర కొబ్బరితోటలో కాయల దింపులు తీయించిన మనిషి, గట్టి పిండం. అలాంటివాడికి వేసవిలో ప్యాంట్లు వదులవడం మొదలైంది. బెల్టుకి మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకుంటూ "సన్నబడ్డానే, పెళ్లినాటి షర్టులు పడతన్నాయి" అని మురిసిపోయాడు కూడా. పద్మినే పోరుపెట్టి ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అల్ట్రాసౌండులో క్లోమం పక్కన ఏదో నీడలా కనబడిందట. అది నీళ్లతిత్తే కావచ్చు, మరొకటీ కావచ్చు, ఎమ్మారై తీస్తేగానీ చెప్పలేనన్నాడు డాక్టరు. ఆ మరొకటి పేరు ఆయనా పలకలేదు, వీళ్లూ అడగలేదు. కారులో ఇంటికొచ్చేదాకా ఇద్దరూ రోడ్డు వైపే చూశారు.

డాక్టరు ఆఫీసు నుంచి హాస్పిటల్‌కి ఫ్యాక్స్ వెళ్లింది. వెళ్లిందని వీళ్లు, రాలేదని వాళ్లు. మళ్లీ పంపితే రెండూ అందాయి, రెండున్నాయి కాబట్టి ఏది అసలుదో తేలేదాకా రెంటినీ పక్కన పెట్టారు. చంద్రుడి మీదికి ఫొటోలు తీసే యంత్రాలు పంపే కాలంలో, మనిషి కడుపులో ఏముందో చూడటానికి ఫ్యాక్స్ మిషను దయ కావాలి! అలా ఆకులు పండి, రాలి, మంచు పడ్డాక వచ్చిన డేటు అది. ఆ డేటునే పద్మిని తన నోటితో తానే కదిలించింది.

ఎందుకు కదిలించిందంటే, గురువారం మామగారి తద్దినం. మార్గశిర శుద్ధ దశమి. ఆ తిథి గురువారమేనని ఊరి నుంచి ఆడపడుచు సూర్యకుమారి వాట్సాప్‌లో మెసేజి పెట్టింది. వీర్రాజు ఏటా ఆ రోజు గుడికి స్వయంపాకం పట్టుకెళ్లి, పంతులుగారి చేతుల్లో పెట్టి, నాలుగు నీళ్లు వదిలేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టడు. తండ్రి పోయినప్పుడు టికెట్ దొరక్క వెళ్లలేకపోయాడు. అందుకని ఈ ఒక్కటీ తప్పనివ్వడు. "స్కానుదేముందే, ఒక రోజు అటూ ఇటూ జరుపుతారు. నాన్న తిథి జరుగుద్దా?" అన్నాడు. పద్మినికీ నిజమేననిపించింది. ఊళ్లో ఆస్పత్రి కాంపౌండరుకి చెబితే ఒక రోజేం ఖర్మ, ఒక పూట కూడా జరిపేవాడు. ఆ లెక్కే ఇక్కడా వేసుకుంది.

జరిగింది వీర్రాజుకి చెప్పింది. "పోన్లేవే. ఏప్రిలంటే ఎంతలో వస్తది" అన్నాడు. ఆ మాట అంటూ చొక్కా కింద కడుపు తడుముకోవడం పద్మిని చూసింది.

మర్నాడు స్వయంపాకం సంగతి చెప్పడానికి గుడికి ఫోన్ చేసింది.

"గురువారం ఎందుకమ్మా వస్తారు?" అన్నారు పంతులుగారు.

"మా మామగారి తిథండి. దశమి."

"దశమి మనకి బుధవారం తల్లీ. గురువారం అక్కడి లెక్క. వాళ్లకి గురువారం మధ్యాహ్నం తిథి ఉంటే, మనకి అదే తిథి గురువారం తెల్లారేసరికే వెళ్లిపోతుంది. అపరాహ్ణానికి దశమి ఉన్నది మనకి బుధవారమే. ఇండియా మెసేజిలు చూసి ఏటా ఎవరో ఒకరు ఇలా పొరబడుతూనే ఉంటారు."

పద్మిని నెత్తి కొట్టుకుంది. గురువారం ఖాళీ! మొదటినుంచీ ఖాళీ! లేని తిథి కోసం ఉన్న స్కాను వదులుకున్నారు.

వెంటనే హాస్పిటల్‌కి ఫోను. సంగీతం. మీ కాల్ మాకెంతో ముఖ్యం అన్న మాట. మళ్లీ సంగీతం. చివరికి ఇంకో పిల్ల దొరికింది. ఈవిడ ఇంకో కబురు చెప్పింది: రికార్డులో ‘పేషెంటు వద్దన్నారు’ అని ఉందట.

"మేము వద్దనలేదమ్మా!"

"రిలీజ్ చేసినప్పుడు కారణం ఒకటి నొక్కాలి మేడమ్. ఉన్నవి మూడే. పేషెంటు వద్దన్నారు, పేషెంటు రాలేదు, పేషెంటు చనిపోయారు."

పద్మినికి అరికాలి మంట నెత్తికెక్కింది. "అయితే మీవాళ్లు మా ఆయన్ని చంపనందుకు దణ్ణం పెట్టాలన్నమాట" అంది తెలుగులోనే. ఆ పిల్లకి అర్థం కాకపోయినా సారీ చెప్పింది.

సాయంత్రం కూతురు మృదుల కాలేజీ నుంచి వచ్చేసరికి పద్మిని నిర్ణయం అయిపోయింది. "గురువారం వెళ్తున్నాం. డేటు ఉన్నా లేకపోయినా."

"మామ్, యూ కాంట్ జస్ట్ షో అప్" అంది మృదుల బూట్లు విప్పుతూ. "దేర్ ఈజ్ ఎ ప్రాసెస్."

"ఆ ప్రాసెస్‌నే చూసొద్దామనమ్మా. ఫోనులోనే విన్నాం, మొహం చూళ్లేదు."

"దే విల్ కాల్ సెక్యూరిటీ."

"పిలవనీ. ఆ సెక్యూరిటీవాడు మన పక్కింటి గిల్ అంకుల్ కొడుకే అయ్యుంటాడు."

బుధవారం తద్దినం చక్కగా జరిగింది. బియ్యం, కందిపప్పు, అరటికాయలు, కంద, నెయ్యి అన్నీ పంతులుగారికి అందాయి. వీర్రాజు మధ్యాహ్నం దాకా పస్తుండి ఆ తర్వాత గారెలు, పెరుగుపచ్చడి ఇష్టంగా తిన్నాడు. మునుపటిలా తినలేకపోయాడు గానీ తిన్నాడు. గురువారం పొద్దున లేవగానే కాఫీ గ్లాసు కోసం చెయ్యి చాపితే పద్మిని లాగేసింది.

"స్కానుకి ఖాళీ కడుపుతో ఉండాలి."

"నిన్న నాన్న కోసం పస్తు. ఇవాళ ఎవరి కోసమే? లేని స్కాను కోసమా?"

"నా కోసం. ఎక్కండి కారు."

హాస్పిటల్లో స్కానుల విభాగం నేలమాళిగలో ఉంది. అద్దం వెనక కళ్లజోడు గొలుసుకి వేలాడేసుకున్న ఒక ఆవిడ, అద్దం ఇవతల కుర్చీల్లో పది మందిదాకా మనుషులు. పద్మిని నేరుగా వెళ్లి జరిగిందంతా చెప్పింది. క్లోమం దగ్గర నీడ, గురువారం, శుక్రవారం, రిలీజు, అన్నీ. తిథి సంగతి మాత్రం చెప్పలేదు. అది వీళ్లకి చెప్పాలంటే సూర్యచంద్రుల దగ్గర మొదలెట్టాలి.

ఆవిడ శ్రద్ధగా విన్నది. "నాకు చాలా బాధగా ఉంది. కానీ ఇవాళ మీ పేరు లేదు" అంది.

"ఎవరైనా రాకపోతే?"

"అది నేను చెప్పలేను."

ఆవిడ మొహంలో కోపం గానీ విసుగు గానీ లేవు. అదే పద్మినికి మరీ ఒళ్లు మండించింది. కసిరితే తిరిగి కసరొచ్చు. దిండుని కొడితే ఏముంది? వచ్చి వీర్రాజు పక్కన కూర్చుంది.

పదయ్యాక నీలం బట్టల కుర్రాడొకడు తలుపు తీసుకుని వచ్చి "మిస్టర్ డెల్గాడో" అని పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచాడు. టాయిలెట్ వైపు వెళ్లి అక్కడా పిలిచాడు. అద్దం దగ్గరికొచ్చి, "రాలేదు. తర్వాతాయన పదకొండింటికి" అని చెప్పి గుమ్మానికి ఆనుకుని కాఫీ తాగడం మొదలెట్టాడు. అతని వెనక తలుపు సగం తెరిచే ఉంది. తెల్లటి గుండ్రటి మిషను, దాని ముందు పరిచిన శుభ్రమైన దుప్పటి, పైన వెలుగుతున్న దీపాలు. అన్నీ సిద్ధం. పడుకునే మనిషే లేడు. పడుకోవాల్సిన మనిషి పది అడుగుల దూరంలో ఆకలితో కూర్చుని ఉన్నాడు.

పద్మిని లేచింది. వీర్రాజు ఆమె కోటు పట్టుకున్నాడు. "వద్దే. అందరూ చూస్తన్నారు."

"చూడనీండి. చూడ్డానికే కళ్లిచ్చాడు దేవుడు."

అద్దం ముందు నిలబడింది. "ఆ గది ఖాళీగా ఉంది. మా ఆయన ఖాళీ కడుపుతో ఉన్నారు. డాక్టరు రాసిన ఆర్డరు మీ కంప్యూటర్లో ఉంది. ఇంకేం కావాలి?"

"అపాయింట్‌మెంటు కావాలి మేడమ్."

"ఇవ్వండి."

"ఈ కౌంటర్లో బుకింగ్ చెయ్యకూడదు. బుకింగ్ ఫోనులోనే."

"ఆ ఫోను ఎత్తేది ఎవరు?"

"గురువారం పొద్దున పూట... నేనే."

పద్మిని బ్యాగులోంచి ఫోను తీసి, అక్కడే నిలబడి, నంబరు నొక్కింది. అద్దం అవతల ఆవిడ మోచేతి పక్కనున్న ఫోను మోగింది. పద్మిని చెవిలో సంగీతం, మీ కాల్ మాకెంతో ముఖ్యం అన్న మాట. ఆవిడ ఫోను వైపు చూసింది, పద్మిని వైపు చూసింది. పద్మిని కళ్లు దించలేదు. చివరికి ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రిసీవర్ ఎత్తింది.

"బుకింగ్ డిపార్ట్‌మెంట్. నేను మీకెలా సాయపడగలను?"

ఆ మాట పద్మినికి రెండుసార్లు వినబడింది. ఒకసారి అద్దంలోంచి, ఒకసారి చెవిలో.

"ఎమ్మారై అపాయింట్‌మెంటు కావాలి."

"హెల్త్ కార్డు నంబరు?"

చెప్పింది. పుట్టిన తేదీ చెప్పింది. ఇంటి అడ్రసు చెప్పింది. అద్దం అవతల వేళ్లు టకటకలాడాయి.

"ఏప్రిల్లో ఒకటి ఉంది కదా మీకు."

"దానికంటే ముందు కావాలి."

"చూస్తాను." టకటక. ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. "ఇవాళ పది గంటలది ఇప్పుడే ఖాళీ అయింది. ఎంతసేపట్లో రాగలరు మేడమ్?"

"తలెత్తి చూడండి."

కుర్చీల్లోంచి ఎవరో కిసుక్కుమన్నారు. కాఫీ కుర్రాడు కప్పు చెత్తబుట్టలో పడేసి "రండి సార్" అన్నాడు. వీర్రాజు లేచాడు. వాచీ, బెల్టు తీసి పద్మిని చేతికిచ్చాడు. బెల్టు లేని ప్యాంటు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, "వెళ్లొస్తానే" అని లోపలికెళ్లాడు. తలుపు మూసుకుంది.

పద్మిని ఇప్పటిదాకా పోరాడింది గదిలోకి పంపించడానికి. ఆ గది ఏం చెబుతుందో, దానికి ఎవరితో పోరాడాలి?

అద్దం వెనక ఆవిడ మెల్లగా అంది, "యూ ఆర్ లక్కీ టుడే."

"లక్కు కాదమ్మా" అంది పద్మిని. ఇంగ్లీషులో కూడబలుక్కుని, ఒక్కో మాటా తూచి మరీ చెప్పింది. "ఆ డెల్గాడో ఎవరో, ఆయనకీ ఎవరో పూల్‌లోంచి తీసిచ్చి ఉంటారు. ఆయనకి ఈ డేటు చెప్పారో లేదో, ఫోనెత్తాడో లేదో. రేపు ఆయన పేరు పక్కన ‘పేషెంటు రాలేదు’ అని నొక్కుతారు. ఆయన ఇంట్లో కూడా ఒక మనిషి భయపడుతూనే ఉంటుంది. మీరు మంచివాళ్లే. కానీ ఇక్కడికి జబ్బుపడ్డ మనిషి వస్తే, మనిషితో మాట్లాడకుండా ఫోనుతో మాట్లాడమని పంపుతున్నారు. అందుకు నేను థ్యాంక్స్ చెప్పను."

ఆవిడ తల ఊపింది.

పద్మిని కూర్చుంది. బెల్టు వేళ్ల చుట్టూ చుట్టుకుంటుంటే వీర్రాజు మేకుతో పొడిచిన బెజ్జాలు గుచ్చుకున్నాయి. పక్క కుర్చీలో నీలం తలపాగా పెద్దాయన ముందుకి వంగాడు. తనది వెన్నెముక స్కాను, రెండుసార్లు డేటు తీసేశారు, అడుగుదామని పొద్దున్నే వస్తే ఫోన్ చెయ్యమని కూర్చోబెట్టారని హిందీలో చెప్పాడు.

"బేటీ, ఏ నంబరుకి చేశావు?"

పద్మిని ఆ గదిలో అందరికీ వినబడేలా, ఒక్కో అంకె విడమర్చి చదివింది. పెద్దాయన నొక్కాడు. ఆ వెనక, అలాగే డేటు కోసం వచ్చి కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు బ్యాగులు తెరిచారు.

అద్దం అవతల ఫోను మోగడం మొదలైంది.