అంపైరు మొహానికి చిక్కం

నేను ఒక ఇనుప మాస్కును. బేస్‌బాల్ ఆటలో బ్యాటు పట్టినవాళ్ళ వెనక క్యాచర్ కూర్చుంటే, ఆ క్యాచర్ వెనక వంగి నిలబడే అంపైరు మొహానికి కట్టుకునేది నన్నే. ఉక్కు కమ్మీలు అతికి చేసిన జాలీ, నుదుటికీ గడ్డానికీ రెండు మెత్తటి దిండ్లు, తల వెనక్కి సాగే పట్టీలు, ఇంతే నా ఒళ్ళు. కమ్మీల మీది నల్లరంగు సగం లేచిపోయింది. దిండ్లలో స్పాంజి చెమట తాగి తాగి అట్టలా అణిగిపోయింది. దగ్గరికొస్తే వాసన కూడా వేస్తాను. అందుకు నాకు సిగ్గేమీ లేదు, ఆ వాసన మనుషులది.

నేను పుట్టింది మీరట్‌లో, క్రికెట్ సామాన్లు చేసే ఒక ఇరుకు సందులో. నన్ను వెల్డింగ్ చేసిన ముసలాయన పుట్టి బుద్ధెరిగాక బేస్‌బాల్ చూడలేదు. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని పెట్టుకునేవాడెవడో గానీ, పాపం, వాడి మీద ఊరందరికీ కోపమున్నట్టుంది" అని తన భాషలో పక్కవాడితో అన్నాడు. ఆయన తమాషాకన్నాడని అప్పుడు అనుకున్నాను. మైదానంలోకి దిగాక అర్థమైంది, అందులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదని.

లారీలో, రైల్లో, మళ్ళీ లారీలో వచ్చి అనంతపురం జిల్లా బేస్‌బాల్ సంఘం వాళ్ళ రేకు పెట్టెలో పడ్డాను. మొదట నన్ను కట్టుకున్నది గుంతకల్లు రైల్వేలో పనిచేసే డానియేలు. భారీ మనిషి, భారీ గొంతు. ఆయన "స్ట్రైక్" అన్నాడంటే యార్డులో గూడ్సు బండి ఆగుతుందని స్నేహితులు ఏడిపించేవాళ్ళు. బదిలీ అయి వెళ్ళిపోతూ నన్ను తన శిష్యుడి చేతిలో పెట్టాడు. ఆ శిష్యుడే ఓబులేసు, కదిరిలో ఒక ప్రభుత్వ బడిలో డ్రిల్లు మాస్టారు. నా బతుకులో ఎక్కువ భాగం ఆయన మొహం మీదే గడిచింది కనుక ఇక నా కథంతా ఆయన కథే.

అప్పగించేటప్పుడు డానియేలు కొన్ని మాటలు చెప్పాడు. మాస్కును ఎప్పుడూ ఎడం చేత్తోనే తీయాలి, కుడిచేయి 'అవుట్' చూపించడానికి ఖాళీగా ఉండాలి. ఇంకోటి గొంతు తగ్గించి చెప్పాడు.

"క్యాచర్‌కి దెబ్బ తగిల్తే నువ్వు బ్రష్షు తీసి ప్లేటు తుడువప్పా. శుభ్రంగా ఉన్నా సరే తుడువు, మెల్లిగా తుడువు. అంతలో ఆ పిల్లోళ్ళు ఊపిరి తీసుకుంటారు. నీకు తగిలిన దినం వాళ్ళు లేచి, పిచర్‌తో ఏదో మాట ఉండాదన్నట్లు పోతారు. నువ్వు ఊపిరి తీసుకోవాల. జనాలకి తెలీకూడదు, అంతే."

ప్లేటంటే నేలలో పరిచిన తెల్ల రబ్బరు పలక. ఎదుట నిలబడి పిచర్ విసిరే బంతి దాని మీదుగా, బ్యాటర్ మోకాలికీ రొమ్ముకీ మధ్యన వస్తే స్ట్రైకు. పక్కకు పోతే బాల్. మూడు స్ట్రైకులకు బ్యాటర్ అవుటు, నాలుగు బాళ్ళకు ఉచితంగా మొదటి బేసు. బేసులు మూడూ చుట్టి మళ్ళీ ప్లేటు తాకితే ఒక పరుగు. ఇంత చిన్న సంగతి మీద మనుషులు గొంతులు చించుకుంటారు. ఏది ఏమిటో తేల్చేది మాత్రం నా వెనకున్న రెండు కళ్ళే.

మొదటిసారి నన్ను బడికి తీసుకెళ్ళినప్పుడు హెడ్మాస్టరు కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, "ఇదేందప్పా ఓబులేసూ, ఎద్దు మూతికి కట్టే చిక్కమా?" అన్నాడు. స్టాఫ్‌రూమంతా నవ్వింది. ఓబులేసు కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? ఆ బడిలో ఆయన పని ప్రార్థనకు వరుసలు నిలబెట్టడం, పరీక్షలకు బెంచీలు మోయించడం, మధ్యాహ్నం అన్నం దగ్గర తోపులాట ఆపడం, ఎవరో నాయకుడొస్తే ఎండలో పిల్లలతో జెండాలు ఊపించడం. లెక్కల సారుకు ఎదురుచెప్పే ధైర్యం ఏ పిల్లాడికీ లేదు, డ్రిల్లు సారుకు మాత్రం అటెండరు కూడా పని చెబుతాడు.

కానీ నన్ను కట్టుకుని ప్లేటు వెనక వంగితే ఆ మనిషి వేరు. వెన్ను నిటారయ్యేది, గొంతు తేటపడేది. ఆయన నోటినుంచి మాట వచ్చిందంటే కోచ్‌లు, ఆఫీసర్లు, ఊరి పెద్దమనుషులు, అందరూ నోరు మూసుకోవాల్సిందే. క్యాచర్లు గ్లవ్‌లో పడ్డ బంతిని గుట్టుగా ప్లేటు వైపు జరిపి స్ట్రైకులా చూపిస్తారు. అదొక విద్య, కోచ్‌లే నేర్పిస్తారు. ఓబులేసు దగ్గర అది సాగేది కాదు. "గ్లవ్ లాగితే లాగినావు, నా కండ్లు గూడా లాగుతావా పాపా?" అని నా కమ్మీల సందుల్లోంచి నవ్వేవాడు. ఆయనకు బతుకులో దక్కిన గౌరవమంతా ఆ తెల్ల పలక వెనక ఉన్న రెండడుగుల నేలే. ఆ నేల కోసం ఆయన ఏమైనా దాచగలడని నాకు తర్వాత తెలిసింది.

షుగర్ వ్యాధి ఆయన కంట్లోకి దిగింది. భార్యకు తెలియదు, బడిలో తెలియదు, సంఘంలో అసలే తెలియదు. నాకు ఎలా తెలియకుండా ఉంటుంది? ఆ కళ్ళకూ నాకూ మధ్య రెండు వేళ్ళ సందు. ముందు కుడికన్ను మసకబారింది. ఆయన తల కొంచెం పక్కకు వాల్చి ఎడంకంటితో చూడటం మొదలుపెట్టాడు. తర్వాత ఎడంకంట్లో కూడా నల్లటి నలకలు తేలాయి. అప్పుడింకా కిందికి వంగి, క్యాచర్ భుజానికి మరీ దగ్గరగా జరిగాడు. బంతి వచ్చే దారి చూడటం మానేసి, అది ఆగిన గ్లవ్ ఎక్కడుందో చూసి చెప్పసాగాడు. అంతకాలం ఎవరి కళ్ళకూ లొంగని మనిషి చివరికి పిల్లల గ్లవ్‌ల మీద ఆధారపడ్డాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలి కూడా వచ్చింది. ఇనప జాలీకి ఇవన్నీ ఎందుకని మీరు అనవచ్చు. ఒకే చెమట అన్నేళ్ళు తాగితే ఎవరికైనా వస్తాయి.

ఈ సంగతి మొదట పసిగట్టింది హుసేనమ్మ. కదిరి జట్టు క్యాచర్. ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఓబులేసు సారే ఆమె చేతికి గ్లవ్ తొడిగాడు. ఇప్పుడు ఇంటర్ చదువుతూ మారుతి అనే కుర్ర కోచ్ దగ్గర ఆడుతోంది. ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో, సారును ఏడిపిద్దామని, బాగా పక్కకు పోయిన బంతిని పట్టి జానెడు లోపలికి లాగింది. ఎప్పటిలా తిడతాడని ఆమె ముందే నవ్వుకుంటోంది.

"స్ట్రైక్!" అన్నాడు ఓబులేసు.

హుసేనమ్మ నవ్వు ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తిరిగి నా కమ్మీల గుండా ఆయన కళ్ళలోకి చూసింది. ఆ రోజు నుంచి ఆయన ముందు ఆమె గ్లవ్ ఎప్పుడూ కదలలేదు. బంతి ఎక్కడ పడితే అక్కడే, రాతిలో చెక్కినట్టు, ఆయనకు కనబడేదాకా పట్టుకుని ఉండేది.

జిల్లా జూనియర్ బాలికల ఫైనల్ అనంతపురంలో జరిగింది, కదిరికీ హిందూపురానికీ. కదిరి మాస్టారు కదిరి మ్యాచ్‌కు అంపైరా అని మీకు అనుమానం రావచ్చు. మా జిల్లాలో ఈ ఆట తెలిసినవాళ్ళను ఒక ఆటోలో ఎక్కించవచ్చు. వాళ్ళే కోచ్‌లు, వాళ్ళే అంపైర్లు, సున్నంతో గీతలు గీసేదీ వాళ్ళే. పైగా ఓబులేసు పేరు చెబితే హిందూపురం వాళ్ళూ సరేనన్నారు. హుసేనమ్మకు జూనియర్లలో అదే ఆఖరి ఏడాది. గెలిస్తే రాష్ట్ర జట్టులోకి దాదాపు ఖాయమని మారుతి చెప్పి పెట్టాడు.

ఆఖరి ఇన్నింగ్స్. కదిరి ఒక్క పరుగు ముందుంది. హిందూపురం బ్యాటింగ్, మూడు బేసుల్లోనూ వాళ్ళ పిల్లలే నిలబడి ఉన్నారు, ఇద్దరు అవుట్. ఒక బంతి బ్యాటు అంచుకు తగిలి దారి మళ్ళి సూటిగా వచ్చి నన్ను కొట్టింది. అలాంటి దెబ్బ నాకూ కొత్తే. ఒక అతుకు చిట్లింది. లోపల ఓబులేసు తల గిర్రున తిరిగింది. పడిపోకుండా మోకాళ్ళ మీద చేతులు ఆనించుకున్నాడు.

హుసేనమ్మ వెంటనే లేచి, ఆట కాసేపు ఆపమని టైమ్ అడిగింది. పిచర్ దగ్గరికి నడిచింది, నడుస్తూ ఒకసారి ఆగి బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది. పిచర్‌తో ఏదో మాట్లాడింది. జనం "ఏమా, ఆడ సంసారాలు చెప్పుకుంటాండారా?" అని అరిచారు. ఈలోపు ఓబులేసు నన్ను తీసి, మైదానానికి వీపు పెట్టి, శుభ్రంగా ఉన్న ప్లేటును తుడిచాడు. ఆ తెల్ల పలక అంచులు కూడా ఆయనకు తెలియడం లేదు. బ్రష్షు మట్టి మీద తిరుగుతోంది. వెళ్ళిపోదాం సారూ, ఇక చాలు అని నాకు నోరుంటే చెప్పేవాణ్ణి.

తిరిగొచ్చిన హుసేనమ్మ కూర్చుంటూ, తల తిప్పకుండా, మెల్లగా అడిగింది.

"కనపడ్తాందా సార్?"

"కనపడ్తాంది. నువ్వు కూకో."

మూడు బాళ్ళు, రెండు స్ట్రైకులు. ఇప్పుడు వచ్చేది స్ట్రైకయితే మూడో అవుటు, కదిరి గెలిచినట్టు. బాలయితే బ్యాటర్‌కు మొదటి బేసు, ముందున్నవాళ్ళు తలా ఒక బేసు జరిగి మూడో బేసు పిల్ల ప్లేటు తాకుతుంది, స్కోరు సమం. బంతి వచ్చింది. హిందూపురం పిల్ల బ్యాటు కదపలేదు. ఓబులేసుకు కనబడింది ఒక బూడిదరంగు గీత, తర్వాత అదీ లేదు. ఆయన కళ్ళు గ్లవ్‌ను వెతుక్కున్నాయి.

గ్లవ్ ప్లేటుకు పక్కన, మూడు వేళ్ళ దూరంలో ఆగి ఉంది. మూడే వేళ్ళు. చిటికెలో లోపలికి జరపవచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. గ్లవ్ మాత్రం జరగలేదు.

"బాల్!"

స్కోరు సమమైంది. కదిరి పిచర్ గుండె జారిపోయింది. తర్వాతి బంతిని హిందూపురం వాళ్ళు చాచి కొట్టారు. ఇంకో పరుగు వచ్చింది, హిందూపురం గెలుపుతో ఆట ముగిసింది.

ఓబులేసు వేపచెట్టు కింద కూర్చుని కాళ్ళ ప్యాడ్లు విప్పుకుంటున్నాడు. నేను ఆయన ఒళ్ళో ఉన్నాను. చెట్టుకు అవతలి పక్కన మారుతి హుసేనమ్మను నిలదీస్తున్నాడు.

"నీకు నేర్పించిందంతా ఏట్లో కలిపితివి గదా! గ్లవ్ రోంత లోపలికి లాగింటే నీ సొమ్మేం పోయేది?"

హుసేనమ్మ గ్లవ్ విప్పి చంకలో పెట్టుకుంది. తర్వాత అంది: "సారుకు కండ్లు కనపడవు సార్. నా గ్లవ్‌నే నమ్ముకోని నిలబడుకోనుండాడు. చూసేటోళ్ళ కాడైతే లాగొచ్చు. నమ్ముకున్నోళ్ళ కాడ ఎట్ల లాగేది?"

ఓబులేసు చేయి ప్యాడు బకిల్ మీదే ఆగిపోయింది. తన రహస్యం తనొక్కడికే తెలుసని అన్నాళ్ళూ అనుకున్నాడు, పిచ్చి మారాజు. నుదుటి మీద నా దిండు అచ్చు ఎర్రగా కనబడుతోంది. ఆయన నన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

బహుమతుల సభ మొదలైంది. కుర్చీలు, మైకు, శాలువా. సంఘం కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు.

"కదిరోళ్ళు ఓడిపోతారని తెలిసి గూడా బాల్ అన్న్యాడు చూడండి, అదీ అంపైరంటే! సొంత శిష్యురాల్నే ఓడిస్తివి కదప్పా ఓబులేసూ! ఇట్లాంటోడు రాష్ట్రంలో ఇంగొకడుంటే చూపించండి."

చప్పట్లు మోగాయి. హిందూపురం వాళ్ళు లేచి నిలబడి కొట్టారు. అన్నేళ్ళుగా ఆయన ఆకలిగొన్నది సరిగ్గా ఈ చప్పట్ల కోసమే. ఊరుకుంటే చాలు, శాలువా భుజాల మీద పడుతుంది, ఇంకో ఏడాది, రెండేళ్ళు ఆ రెండడుగుల నేల ఆయనదే. నాకు భయమేసింది. మనుషులు ఊరుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ఓబులేసు నన్ను ఎడం చేత్తో పట్టుకుని మైకు దగ్గరికి వెళ్ళాడు.

"ఆ బంతి నాకు కనపడల్యా," అన్నాడు. మైకు కీచుమంది. "ఈ ఏడాదంతా ఏ బంతీ సరిగ్గా కనపడల్యా. ఆ పాప గ్లవ్ యాడుంటే అది చెప్పినా. హుసేనమ్మ అబద్ధం ఆడింటే నేనూ ఆడుంటి. శాలువా నాకొద్దప్పా. ఈ మాస్కు గూడా వద్దు."

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఇలాంటి మాటకు ఏం చేయాలో మనుషులకు ఎవరూ నేర్పలేదు. కాసేపటికి హిందూపురం కోచ్ లేచి, "అట్లయితే నాలుగో ఇన్నింగ్స్‌లో మా పిల్లకిచ్చిన స్ట్రైకు సంగతేంది?" అన్నాడు. మరి అడగడా! కార్యదర్శి శాలువాను మడిచి కుర్చీ మీద పెట్టాడు. ఓబులేసు నన్ను ఆ శాలువా మీద వదిలి మెట్లు దిగాడు. మెట్టు తడబడితే ఆయన పట్టుకున్నది హుసేనమ్మ భుజాన్ని. మొదటిసారి, అందరూ చూస్తుండగా.

ఆ గొడవలో రాష్ట్ర జట్టు జాబితాలోంచి ఆమె పేరు జారిపోయింది. దానికెవరూ పెద్దగా బాధపడలేదు, నేను పడ్డాను.

నాకు మళ్ళీ వెల్డింగ్ చేశారు. ఇప్పుడు నన్ను కట్టుకునేది ఒక కుర్ర అంపైరు. చిన్న తల, కొత్త సబ్బు వాసన, డేగ కళ్ళు. నాకు మాత్రం అలసట తీరలేదు. అతుకులు నొప్పెడతాయి, పట్టీ సాగిపోయింది, ప్రతి బంతికీ ముందే ఒళ్ళు జంకుతుంది. ఈ మధ్య కదిరిలో మ్యాచ్ జరిగింది. ప్లేటు వెనకాల కట్టిన వలకు అవతల, బల్ల మీద ఓబులేసు కూర్చుని ఉన్నాడు, పక్కన హుసేనమ్మ. నాకు వాళ్ళ మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి.

"ఇప్పుడేం పడె పాపా?"

"బాల్ సార్. బయటికి పాయ."

"స్ట్రైకని అరిచినట్లుండెనే?"

"క్యాచర్ లాగింది సార్."

ఓబులేసు వల వైపు మొహం తిప్పాడు.

"పాపం," అన్నాడు తర్వాత. "ఆ పిల్లోనికి నీ మాదిరి క్యాచర్ దొరకల్యా."