కాలిపోయిన ఊరి పాపం

"ఏమోయ్, మగాడు మగాడితో, ఆడది ఆడదానితో కాపురం చెయ్యకూడదని లేఖనాల్లో ఎక్కడెక్కడుందో వెతికి ఆదివారానికి ప్రసంగం రాసిపెట్టు. ఎలాగూ వంటింట్లో ఖాళీగానే ఉంటావుగా" అన్నాడు పాస్టరుగారు, తడి తువ్వాలు మంచం మీద పడేస్తూ.

ఉల్లిపాయలు తరుగుతున్న పాస్టరమ్మ తలూపింది. పెళ్లయినప్పటి నుంచి పంపకం అదే. రాత ఆవిడది, గొంతు ఆయనది, పేరూ ఆయనదే. "మీవారి నోట దేవుడే పలుకుతాడమ్మా" అని ఎవరైనా మురిసిపోతే, ఆ దేవుడు ఒక చేత్తో కూర కలుపుతూ రాశాడని ఆవిడ లోలోపల నవ్వుకునేది.

ఈసారి గురి ఇంట్లోవాళ్ల మీదే. ఆయన చెల్లెలు పళ్ల డాక్టరు. బస్సు నడిపే ఒకావిడతో కాపురం పెట్టింది. ఆదివారం ఇద్దరూ భోజనానికి వస్తున్నారు. "ముందు ప్రార్థనకి రమ్మనరా. నిప్పుల వానకి కాలిపోయిన ఆ ఊరి కథ చెప్పు. సిగ్గుతో చితికిపోవాలి!" అని అత్తగారు కొడుకు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

పాస్టరమ్మకి ఆడపడుచంటే ప్రాణం. ఆమధ్య పంటినొప్పితో విలవిల్లాడుతుంటే భర్త ప్రార్థన చేశాడు, ఆ పిల్ల వచ్చి పన్ను పీకింది. అయినా లేఖనం లేఖనమే కదా అని, కుక్కరు కూతల మధ్య గ్రంథం తెరిచింది. కాలిపోయిన ఊరి కథ చదివింది. అందులో ఉన్నది ఇంటికొచ్చిన అతిథుల మీద పడ్డ దౌర్జన్యం. ప్రేమ ఊసే లేదు. ఆ ఊరి పాపమేమిటో ప్రవక్త ఒకాయన వేరేచోట విడమరిచి చెప్పాడు. అది చదివి గరిటె పట్టుకునే నిలబడిపోయింది. తర్వాత పొయ్యి కట్టేసి రాయడానికి కూర్చుంది.

ముందుగా చదువుకోవడం పాస్టరుగారికి అలవాటు లేదు. ఆదివారం వేదికెక్కి, ముందు వరసలో చెల్లెల్నీ ఆమె తోడునీ ఉరిమి చూసి, గొంతెత్తాడు.

"ఆ ఊరు ఎందుకు కాలింది? ప్రవక్త ఏమన్నాడు? వాళ్లకి పొగరెక్కింది! కడుపు నిండా తిన్నారు, కాళ్లు బార్లా చాపారు, పక్కన కష్టపడేవాళ్లకి చెయ్యందించలేదు! సోదరులారా, మీ ఇంట్లో..." ఇక్కడ గొంతు కాస్త సన్నబడింది. "మీ ఇంట్లో అందరికన్నా ముందు లేచేదెవరు? అందరూ తిన్నాక మిగిలింది తినేదెవరు?"

"ఆమెన్!" అంది వెనక వరసలోంచి ఒకావిడ. ఆ వెంటనే ఆడవాళ్ల వరసలన్నీ అందుకున్నాయి. పాస్టరుగారు గబగబా కాగితం తిప్పి చూశాడు. ఆపుదామంటే తర్వాత ఏం చెప్పాలో తెలీదు. చచ్చినట్టు చివరిదాకా చదివాడు.

ఇంటికి రాగానే విరుచుకుపడ్డాడు. "నేనడిగిందేంటి, నువ్వు రాసిందేంటి? వేరేచోట సూటిగా తప్పని ఉందిగా!"

"ఉందండీ. చదివాను. దాని ముందూ వెనకా ఉన్న ఆజ్ఞలు కూడా చదివాను. వాటిలో సగం మీరెప్పుడో వదిలేశారు. ఇదొక్కటే పట్టుకున్నారెందుకో మరి."

భోజనాలయ్యాక వంటింట్లో నవ్వులు వినబడ్డాయి. బస్సావిడ గిన్నెలు తోముతుంటే డాక్టరమ్మ తుడుస్తోంది. గుమ్మంలో అత్తగారు వాళ్లనే చూస్తూ నిలబడింది. తిట్టడానికే వచ్చింది. "నా జన్మలో నా పక్కన నిలబడి మీ నాన్న ఒక్క గిన్నె తుడవలేదే" అంది చివరికి కూతురితో. అని, చెయ్యి చాచింది. "ఆ గుడ్డ ఇలా ఇవ్వు."

పాస్టరుగారు భార్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "సరేలే, అయిందేదో అయింది. వచ్చే ఆదివారానికైనా సరిగ్గా రాస్తావా?"

"రాస్తానండీ" అంది పాస్టరమ్మ. "కానీ ఈసారి చదివేది కూడా నేనే."